కొండమీది మాత్ర, కంచంలో చేప

వికారాబాదు స్టేషన్‌లో రైలు ఆగగానే ముందు దగ్గు దిగేది. ఆ వెనకే మనిషి.

నిజాం ఏలుబడి ముగింపుకొస్తున్న రోజులు. సికింద్రాబాదు నుంచి వాడి దాకా 1874లో పరిచిన పట్టాల మీద బొగ్గుపొగ కక్కుతూ బండి వచ్చేది. పెట్టెలో పక్కవాళ్ళు జరిగి కూర్చునేవాళ్ళు. పేరు అడగరు. ఊరు అడగరు. నోటికి అడ్డం పెట్టుకున్న చేతిరుమాలు వంకే చూస్తారు. దాని మీద ఎర్రమరక ఉందా? ఉంటే, ఆ మనిషి ఎక్కడికి పోతున్నాడో ఎవరూ చెప్పక్కర్లేదు.

అనంతగిరికి.

కొండ మీద అనంత పద్మనాభస్వామి గుడి. మూసీ పుట్టే చోటు. చుట్టూ అడవి. ఆ అడవి నడుమ క్షయరోగుల శానిటోరియం. అక్కడి చెట్లగాలికే మందుగుణం ఉందని జనం నమ్మకం. డాక్టర్ల చేతిలోనూ అంతకు మించి పెద్దగా ఏమీ లేదు. గాలి, విశ్రాంతి, తిండి. ఆషాఢంలో మబ్బు కొండ మీదికి దిగి, వరండాల్లోకి చొరబడి, దుప్పట్లను చెమ్మగిల్లజేసి, చూరు అంచుల నుంచి బొట్లు బొట్లుగా కారుతుంటే, వరసగా వేసిన మంచాల మీద పడుకున్నవాళ్ళు పాలగ్లాసు కోసం, ఉడికించిన గుడ్డు కోసం, జ్వరం పట్టీ మీద ఒక్క గీత కిందికి దిగడం కోసం నెలల తరబడి కళ్ళు కాయలు కాచేలా చూసేవాళ్ళు. కొందరు కొండ దిగేవాళ్ళు. కొందరు దిగేవాళ్ళు కాదు.

వాళ్ళెవరికీ తెలియని సంగతి ఒకటుంది. మందు అప్పటికే పుట్టింది.

1912లో, ప్రేగ్ నగరంలో పుట్టింది. హాన్స్ మేయర్, జోసెఫ్ మాలీ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు తమ పరిశోధనలో భాగంగా ఒక కొత్త పదార్థం తయారుచేశారు. పత్రం రాశారు. అక్కడితో వదిలేశారు. అది క్షయ క్రిమిని చంపగలదని వాళ్ళకు తోచలేదు. ప్రపంచంలో ఇంకెవరికీ తోచలేదు. నలభై ఏళ్ళు గడిచిపోయాయి. ఆ నలభై ఏళ్ళలో ఎన్ని రైళ్ళు వచ్చాయో, ఎన్ని మంచాలు ఖాళీ అయ్యాయో!

ఆ మందు చివరికి లేచి నిలబడింది. ఒక్కతే రాలేదు. వెంట ఒక తలనొప్పిని కూడా తెచ్చింది.

* * *

1952, ఫిబ్రవరి. న్యూయార్క్, స్టాటెన్ ఐలాండ్. సీ వ్యూ ఆస్పత్రి.

1913లో తెరిచిన పెద్ద క్షయ ఆస్పత్రి అది. అంటుకుంటుందన్న భయంతో తెల్ల నర్సులు ఒక్కొక్కరే మానేసి పోతుంటే, దక్షిణాది రాష్ట్రాల నుంచి వచ్చిన నల్లజాతి నర్సులు ఆ వార్డుల్ని భుజాన వేసుకున్నారు. రక్తం కక్కినప్పుడు పట్టుకున్నది వాళ్ళు. పక్కలు మార్చింది వాళ్ళు. కొత్త మాత్రలు వచ్చినప్పుడు వాటిని రోగుల నోట్లో వేయించి, ఏం జరుగుతుందో పొద్దూ రాత్రీ కనిపెట్టి చూసిందీ వాళ్ళే.

డాక్టర్లు ఎడ్వర్డ్ రాబిట్జెక్, ఇర్వింగ్ సెలికాఫ్. వాళ్ళు ఎంచుకున్న రోగులు ఇక లాభం లేదని వదిలేసినవాళ్ళు. ఇచ్చిన మందులు రెండు. ప్రేగ్‌లో పుట్టిన ఆ పదార్థం ఐసోనియాజిడ్, దాని తోబుట్టువు ఐప్రోనియాజిడ్.

జ్వరం దిగింది. దగ్గు తగ్గింది. ఆకలి పుట్టింది. అదీ మామూలు ఆకలి కాదు. కంచం ఖాళీ చేసి మళ్ళీ పెట్టమన్నారు. లేచి కూర్చోలేనివాళ్ళు లేచి నడిచారు. నడిచినవాళ్ళు వార్డు మధ్యలో నాట్యమాడారు. పత్రికల ఫొటోగ్రాఫర్లు పరుగెత్తుకొచ్చారు. ఊపిరితిత్తుల్లో ఇంకా గాయాలున్నాయి. ముఖాల్లో మాత్రం పండగ.

ఊపిరితిత్తులు తేరుకుంటున్నాయి, సరే. మనసుకు ఇంత ఊపు ఎక్కడి నుంచి వచ్చింది?

ఆ ఏడాదే ఆల్బర్ట్ జెల్లర్ అనే శాస్త్రవేత్త ఒక ముడి విప్పాడు. మన ఒంట్లో మోనోఅమీన్ ఆక్సిడేజ్ అని ఒక ఎంజైమ్ ఉంది. పేగుల్లో, కాలేయంలో, మెదడులో కాపలా కాస్తుంది. తిండితో లోపలికి వచ్చే కొన్ని ఘాటు రసాయనాల్ని గడప దగ్గరే పట్టుకుని విరిచేస్తుంది. మెదడులో ఉత్సాహాన్నిచ్చే రసాయనాల్ని కూడా అదే కరిగిస్తుంది. ఐప్రోనియాజిడ్ ఈ కాపలాదారుణ్ణి నిద్రపుచ్చింది. అందుకే మెదడులో ఆ రసాయనాలు నిలిచాయి. అందుకే నాట్యం.

మెదడు సంగతి అందరూ పట్టించుకున్నారు. గడప కూడా తెరిచే ఉందని ఎవరూ పట్టించుకోలేదు.

* * *

1957. అమెరికాలో నేథన్ క్లైన్ అనే మనోవైద్యుడు ఐప్రోనియాజిడ్‌ను కుంగుబాటు రోగులకు ఇచ్చి చూశాడు. పనిచేసింది. క్షయ మాత్ర మనసు మాత్ర అయింది. అదే జాతికి చెందిన కొత్త మాత్రలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఇంగ్లండులో బాగా నడిచింది పార్నేట్.

ఆ తర్వాత మొదలైంది.

ఉన్నట్టుండి తలనొప్పి. మామూలుది కాదు. మెడ వెనక నుంచి సుత్తితో కొట్టినట్టు లేచి, కణతలు పగిలేలా కమ్ముకునేది. గుండె దడ. చెమట. వాంతి. చూస్తే రక్తపోటు చుక్కల్లో. గంటో రెండు గంటలో ఉండి దానంతటదే దిగేది. కొందరికి దిగలేదు. మెదడులో రక్తనాళం చిట్లి ప్రాణాలు పోయాయి. అవే మాత్రలు మింగుతున్న పక్కమంచం మనిషికి ఏమీ కాదు. ఈ మనిషికి కూడా రోజూ రాదు. ఒక రోజు వస్తుంది, పది రోజులు రాదు. ఎందుకు?

లండన్‌లోని మోడ్స్‌లీ ఆస్పత్రి మనోవైద్యానికి పెట్టింది పేరు. అక్కడ బ్యారీ బ్లాక్‌వెల్ అనే కుర్ర డాక్టరు ఈ తలనొప్పి గురించి లాన్సెట్ పత్రికకు ఒక లేఖ రాశాడు. అది చదివి నాటింగ్‌హాం నుంచి ఒకాయన జాబు రాశాడు. పేరు రో. ఆస్పత్రిలో ఫార్మసిస్టు. ఆయన భార్య ఆ మాత్రలే వాడుతోంది. ఆమెకూ ఆ తలనొప్పి వచ్చింది. రెండుసార్లు.

రెండుసార్లూ ఆమె తిన్నది చీజ్.

వెన్న తింటే రాలేదు. పాలు తాగితే రాలేదు. చీజ్‌లోని అమైనో ఆమ్లాలకూ దీనికీ సంబంధం ఉందేమో చూడండి అని ఆయన రాశాడు. అంతే. ప్రయోగశాల లేదు. పరీక్షనాళిక లేదు. భోజనం బల్ల మీద ఏం వడ్డించారో గుర్తుపెట్టుకున్న ఒక భర్త. ఈ మొత్తం కథలో అసలు వైద్యుడు ఆయనే అనిపిస్తుంది.

బ్లాక్‌వెల్‌కు మొదట నవ్వొచ్చింది. ఇంగ్లండులో చీజ్ తినని ఇల్లుంటుందా? మన దగ్గర మజ్జిగ తాగితే ప్రాణం పోతుందన్నట్టుంది ఆ మాట. అయినా ఆ జాబు అతన్ని వదల్లేదు. తలనొప్పి వచ్చిన రోగుల్ని కొత్త ప్రశ్న అడగడం మొదలుపెట్టాడు. ఆ పూట ఏం తిన్నారు?

చీజ్. చీజ్. మళ్ళీ చీజ్.

తన మీదే చూసుకున్నాడు. మాత్రలు మింగాడు. చీజ్ తిన్నాడు. కూర్చున్నాడు. ఏమీ కాలేదు. తల తేలిగ్గా ఉంది, గుండె మామూలుగా కొట్టుకుంటోంది. రో గారి ఊహ అక్కడితో చచ్చిపోవాల్సిందే. ఎవరైనా కాగితాలు మడిచి పక్కన పడేసేవాళ్ళు. అతను పడెయ్యలేదు. ఒప్పుకున్న ఒక రోగికి ఆస్పత్రిలోనే, కళ్ళెదుటే, చీజ్ పెట్టించాడు.

రక్తపోటు ఎగబాకింది. తల పగిలింది.

1963 అక్టోబరులో లాన్సెట్‌లో పత్రం వచ్చింది. రసాయనం పేరు కూడా ఆ ఏడాదే బయటపడింది. టైరమిన్. పాలు పులిసి, చీజ్‌గా మాగి, నెలల తరబడి నిలవ ఉన్నప్పుడు సూక్ష్మజీవులు తయారుచేసే పదార్థం. మామూలు మనిషి పేగుల్లో కాపలాదారు దాన్ని అక్కడికక్కడే విరిచేస్తాడు. మాత్ర వేసుకున్న మనిషిలో అతను నిద్రలో ఉన్నాడు. టైరమిన్ నేరుగా రక్తంలోకి దూకుతుంది. నరాల చివర్ల నుంచి నారెడ్రినలిన్‌ను కట్ట తెంచినట్టు వదిలిస్తుంది. తాజా పనీర్‌లో ఇది దాదాపు ఉండదు. మాగిన చీజ్‌లో దండిగా ఉంటుంది. వెన్నకూ పాలకూ రో గారి భార్యకు నొప్పి ఎందుకు రాలేదో తేలిపోయింది.

మరి ఏ మాత్రా వేసుకోకుండానే తల పగిలే లక్షలమంది సంగతి?

లండన్‌లోనే ఎడ్డా హానింగ్టన్ అనే వైద్యురాలు ఆ దారి పట్టింది. ఫలానా తిండి తింటే మైగ్రేన్ వస్తుందని చెప్పుకునే రోగుల్ని పోగుచేసి, కొన్నిసార్లు టైరమిన్ గొట్టం మాత్ర, కొన్నిసార్లు ఉత్త లాక్టోజ్ మాత్ర ఇచ్చింది. ఏది ఏదో వాళ్ళకు తెలియదు. టైరమిన్‌కు తలనొప్పి లేచిందని 1967లో ప్రకటించింది. ఇంకేముంది, మైగ్రేన్ మూలం దొరికిందన్నారు. 1972లో మరో బృందం అదే పరీక్షను ఇంకా గట్టి కట్టుబాట్లతో చేసింది. ఇచ్చేవాళ్ళకూ తెలియదు, తీసుకునేవాళ్ళకూ తెలియదు. తేడా కనిపించలేదు.

మాత్ర వేసుకున్నవాళ్ళలో తిరుగులేని నిజం. వేసుకోనివాళ్ళలో చేతికి చిక్కని నీడ. కథ ఇక్కడ ఆగిపోయేదే. కానీ ఆ మాత్ర తోబుట్టువు ఐసోనియాజిడ్ అప్పటికే కొండ దిగింది.

* * *

1956, మద్రాసు. క్షయ చికిత్సకు కొత్త కేంద్రం తెరిచారు. దానికి ముందుండి దారిచూపినవాడు డాక్టర్ వాలెస్ ఫాక్స్. ఆ కేంద్రం అడిగిన ప్రశ్న వింటే ఆనాటి పెద్ద డాక్టర్లకు ఒళ్ళు మండేది. శానిటోరియం నిజంగా అవసరమా?

193 మంది రోగులు. కొందర్ని శానిటోరియంలో ఉంచారు. మంచి తిండి, మంచి గాలి, మంచం మీద విశ్రాంతి. మిగతావాళ్ళను ఇంటికి పంపారు. ఇరుకు గది, చాలీచాలని గంజి, చుట్టూ పిల్లలు. ఇద్దరికీ మందులు ఒకటే. ఐసోనియాజిడ్, పాస్ అనే మరో క్షయ మందు. ఏడాది పాటు. 1959లో ఫలితం వచ్చింది.

ఇంట్లో ఉన్నవాళ్ళూ దాదాపు అంతే బాగుపడ్డారు. ఇంట్లో ఉన్నందుకు పక్కవాళ్ళకు ఎక్కువగా అంటనూ లేదు.

మందు చాలు, కొండ అక్కర్లేదు. ప్రపంచమంతటా శానిటోరియాల తలుపులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. అనంతగిరి వరండాల అవసరమూ తీరిపోయింది. రైలెక్కి కొండకు పోవాల్సిన రోగి, గోలీల పొట్లం తీసుకుని అదే రైలు దారిలోని తాండూరులో తన ఇంటికే పోవచ్చు. గొప్ప విముక్తి అది. పేదవాడి కూలి పోలేదు, తల్లికి పిల్లలు దూరం కాలేదు. అందులో ఎవరికీ అనుమానం అక్కర్లేదు.

కానీ ఒకటి మారింది. కొండ మీద ఎవరి కంచంలో ఏముందో నర్సుకు తెలుసు. ఇంట్లో ఎవరికి తెలుసు?

* * *

శ్రీలంక. కొలంబోకు దగ్గర్లో వెలిసర. అక్కడి ఛాతీ ఆస్పత్రిలో సి. జి. ఉరగోడ అనే డాక్టరు.

సముద్రం పక్కనే. ఉప్పుగాలి, ఉక్కపోత. అన్నంలోకి చేపలపులుసు లేనిదే ఆ ఊళ్ళలో పొద్దు గడవదు. ఐసోనియాజిడ్ వేసుకుంటున్న క్షయ రోగులు అన్నం తిని చెయ్యి కడుక్కుంటారు. కాసేపటికి ముఖం ఎర్రబడుతుంది. కళ్ళు ఎర్రబడతాయి. ఒళ్ళంతా దురద. గుండె దడదడ. తర్వాత తలనొప్పి. తల పట్టుకుని కూలబడేంత తలనొప్పి.

చేప చెడిందా? మరి అదే చేప తిన్న మిగతావాళ్ళు నిక్షేపంగా ఉన్నారే! చేప పడలేదా? పుట్టినప్పటి నుంచీ తింటున్న చేపే కదా! మాత్ర పడలేదా? మిగతా రోజుల్లో అదే మాత్రకు ఏమీ కాలేదే!

చేప ఒక్కటే అయితే కాదు. మాత్ర ఒక్కటే అయితే కాదు. రెండూ కలిసిన రోజునే.

1977లో ఉరగోడ, తన తోటి శాస్త్రవేత్త కొట్టెగోడతో కలిసి సంగతి బయటపెట్టాడు. సూర జాతి చేపల ఎర్రటి కండలో హిస్టిడిన్ అనే పదార్థం మెండు. చేప పట్టాక వెంటనే మంచులో పెట్టకపోతే, ఆ ఎండవేడికి సూక్ష్మజీవులు దాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తాయి. రంగు మారకపోవచ్చు. వాసన తెలియకపోవచ్చు. ఎంత ఉడికించినా, ఎర్రగా వేయించినా హిస్టమిన్ చావదు. మామూలుగా అయితే పేగుల్లో ఇంకో కాపలాదారు ఉన్నాడు, డయామీన్ ఆక్సిడేజ్ అని, కొద్దిపాటి హిస్టమిన్‌ను అతనే తేల్చేస్తాడు. ఐసోనియాజిడ్ ఇతన్ని నిద్రపుచ్చుతుంది. మిగతా ఇంటివాళ్ళకు ఏమీ కాని మోతాదు ఈ ఒక్క మనిషి తల పగలగొడుతుంది.

మరుసటి ఏడాదే శ్రీలంక డాక్టర్లు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌కు ఇంకో కేసు రాశారు. ఐసోనియాజిడ్ వాడుతున్న రోగి. తిన్నది సూర జాతి చేప. ఈసారి తలనొప్పితో ఆగలేదు. పక్షవాతం. ఐసోనియాజిడ్ వాడుతూ చీజ్ తిన్న రోగికీ అది పడలేదని అదే 1978లో అమెరికా నుంచీ కబురు వచ్చింది.

సీ వ్యూ వార్డుల్లో ఐప్రోనియాజిడ్ పక్కన నిలబడ్డ మందు ఇదే. ప్రాణాలు నిలబెట్టింది ఇదే. ఇప్పటికీ నిలబెడుతున్నదీ ఇదే.

* * *

ఏ మాత్రా వేసుకోనివాళ్ళ ప్రశ్న మాత్రం ఇంకా తేలలేదు. లండన్, గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆస్పత్రి. 1983. వారం తిరక్కుండానే మళ్ళీ మళ్ళీ మైగ్రేన్‌తో ముడుచుకుపోయే పిల్లలు 88 మంది. ఎగర్, సూట్‌హిల్ బృందం వాళ్ళ కంచాన్ని దాదాపు ఖాళీ చేసేసింది. ఒక మాంసం. ఒక పిండిపదార్థం, అదీ బియ్యమో బంగాళాదుంపో. ఒక పండు. ఒక కూరగాయ. నీళ్ళు. మూడు నాలుగు వారాలు.

వందకు 93 మందికి తలనొప్పి పోయింది.

తర్వాత ఒక్కో తిండీ తిరిగి కంచంలోకి వచ్చింది. ఆవుపాలు పెట్టారు, నొప్పి. గుడ్డు పెట్టారు, నొప్పి. గోధుమ, నారింజ, చాక్లెట్. ఒక్కో బిడ్డకు ఒక్కో జాబితా, చాలామందికి ఒకటి కాదు, రెండు మూడు. ఇది నిజమా, భ్రమా అని తేల్చడానికి 40 మంది పిల్లలకు తిండిని గుర్తుపట్టకుండా దాచిపెట్టి మరీ పరీక్షించారు. అయినా నొప్పి తిండి వెంటే వచ్చింది. చిత్రం, చర్మం మీద చేసే అలర్జీ పరీక్షలు ఈ దోషుల్ని సరిగ్గా పట్టలేకపోయాయి. మైగ్రేన్ అంటే తిండి అలర్జీయేనా అని ఆ పత్రానికి పేరు పెట్టారు. ప్రశ్నగానే పెట్టారు. నలభై ఏళ్ళు దాటినా అది ప్రశ్నగానే ఉంది. వేరుశనగ తిని గొంతు వాచిపోయే అలర్జీ వేరు, ఎంజైమ్ చేతులెత్తేయడం వేరు, మైగ్రేన్ మెదడును ఒక తిండి రెచ్చగొట్టడం వేరు. మన ఇళ్ళలో మూడింటికీ ఒకటే మాట, నాకు పడదు. డబ్బులు పోసి అలర్జీ ప్యానెల్ పరీక్షలు చేయించుకుని, కాగితం మీద ఎర్రగీత పడ్డ తిండల్లా మానేసి చిక్కిపోయేవాళ్ళను చూస్తే బాధేస్తుంది.

మానెయ్యడమూ నొప్పే తెస్తుంది. మైగ్రేన్ మనిషికి పూట తప్పితే చాలు. తాండూరులో శనివారం ఒక్కపొద్దున్నవాళ్ళకూ, రంజాన్‌లో రోజా పట్టినవాళ్ళకూ సాయంత్రం నాలుగింటికి కణత దగ్గర మొదలయ్యే పోటు ఒకటే. తిండి ఒక్కటే కూడా కాదు. ముంబై తలనొప్పి వైద్యుడు కె. రవిశంకర్ 2006లో ఒక పత్రం రాశాడు. తలస్నానం చేస్తే మైగ్రేన్ వచ్చే 94 మంది భారతీయ రోగుల గురించి. తలంటుకుంటే తలనొస్తుందన్న మాటను కొట్టిపారేసిన ఇళ్ళు ఎన్నో! ఆయన కొట్టిపారేయలేదు. విన్నాడు. రాసుకున్నాడు.

నాటింగ్‌హాం ఫార్మసిస్టు చేసిందీ అదే.

* * *

తాండూరు. ఎండాకాలం. కాగ్నా నది ఇసుకలోకి ఇంకిపోయింది. నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్ల తెల్లదుమ్ము ఆకుల మీద, గోడల మీద, దండెం మీద ఆరేసిన చీరల మీద. కోత రంపాల రొద ఆగితే చెవులు గింగురుమంటాయి. ఇక్కడి మట్టిలో పండే కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఏ ఇంట్లో చూసినా కుక్కర్‌లో కందిపప్పు.

ఇక్కడి నుంచి సాగే మాటలు ఏ ఒక్క ఇంటివీ కావు. టీబీ మందులు వాడుతున్న ఏ ఇంట్లోనైనా నడవాల్సినవి. నాలుగు మందులు కలిపిన గోలీలో ఐసోనియాజిడ్ ఉంటుంది. రెండు నెలల తర్వాత మారే గోలీలోనూ ఉంటుంది. రోగంలేని ఇంటివాళ్ళకు ముందుజాగ్రత్తగా ఇచ్చే మందులోనూ అదే.

గుమ్మంలో ఆశా కార్యకర్త. లోపల చాప మీద ఒక ఇల్లాలు.

"గోలీలు ఏసుకుంటున్నవా వదినా?"

"ఏసుకుంటున్న గని, ఇగ బంజేస్త. నాకు పడ్తలేవ్. మొన్న ఐతారం తలకాయ పలిగిపోయింది."

"బంజెయ్యకు. ఐతారం ఏం తిన్నవ్?"

"అందరం తిన్నదే. చేపలకూర."

"ఏం చేప?"

"మా ఆయన పట్నంకెళ్ళి తెచ్చిండు. సముద్రం చేప. చెరువు చేప కాదు."

"తిన్న ఎంతసేపటికి లేసింది నొప్పి?"

"అరగంట గూడ కాలే. మొఖమంత ఎర్రగైంది. కండ్లు మండినయ్. గుండె గిట్ల కొట్టుకుంది. మా అత్త, పిల్లలు గదే కూర తిన్నరు. వాళ్ళకేం కాలే. నాకొక్కదానికే గిట్లెందుకయితది?"

అదే ప్రశ్న. వెలిసర వార్డులో లేచిన ప్రశ్న. జవాబు 1977 నుంచీ ఉంది. ఈ గుమ్మం దాకా మాత్రం రావాలి. మందుల పొట్లం ఇచ్చేటప్పుడు ఒక్క వాక్యం చెప్పడానికి పట్టేది పది సెకన్లు. చెప్పకపోతే ఆమె గోలీలు ఆపేస్తుంది. ఆపేస్తే క్షయ మొండికేసి తిరిగొస్తుంది. చేప మీద పడాల్సిన నింద మందు మీద పడినందుకు ఒక ప్రాణం పోవచ్చు.

ఇంకో పక్క ఇంకో ప్రమాదం. టీబీ మనిషికి వచ్చే ప్రతి తలనొప్పినీ చేప ఖాతాలో వేయకూడదు. రోజుల తరబడి వదలని నొప్పి, జ్వరం, వాంతులు, మెడ పట్టేయడం, మగత ఉంటే క్షయ మెదడు పొరలకు పాకిందేమో చూడాలి. ఆ రోజే దవాఖానకు పోవాలి. అందుకే ఆశా కార్యకర్త అడుగుతూనే ఉంది.

"జరం ఉందా? కక్కుతున్నవా? మెడ వంగుతుందా?"

"జరం లేదు. మెడ మంచిగనే ఉంది. ఆ పూటనే వచ్చింది, రాత్రికల్లా పోయింది."

"మల్ల రాలేదా?"

"రాలే."

"అయితే ఇను. గోలీలు ఒక్క పూట గూడ తప్పొద్దు. మందులు అయిపోయేదాంక ఆ సముద్రం చేప వద్దు. ఎండు చేప గూడ వద్దు. పిజ్జల మీదేసే చీజ్ వద్దు."

"గవన్ని మేమేడ తింటం? మరి బలానికి ఏం తినాలె? తిండికని సర్కారు పైసలు పడుతున్నయ్ గద, నెలకు వెయ్యి."

"తాజాగ ఉడకబెట్టిన గుడ్డు తిను. పాలు తాగు. కందిపప్పు దండిగ తిను. ఏది తిన్నంక తలనొస్తే, అది ఏందో, ఎన్ని గంటలకు తిన్నవో పోరిని కాపీల రాయమను. ఎల్లుండి నాతోని దవాఖానకు రా, బీపీ చూపిద్దాం. ఐతారం చేప తిన్న సంగతి డాక్టర్ సార్‌కు నువ్వే చెప్పు. ఆయన అడగకున్న చెప్పు."